గెలవాలనుకోవడం తృష్ణేనా?



మన బంగారుపాళ్యం చుట్టుపక్కల వాడల్లో ఆదివారం పూట ధమ్మం గురించి మాట్లాడుకునే చోట ఒక ప్రశ్న పదే పదే వస్తోంది. ఎక్కువగా చదువుకునే పిలకాయలే అడుగుతున్నారు. "అన్నా, దుఃఖానికి మూలం తృష్ణ అని బుద్ధుడు చెప్పినాడు గదా. మరి నేను పోటీ పరీక్షలో ముందు రావాలనుకోవడం తప్పా? ఆటలో గెలవాలనుకోవడం తప్పా?" అప్పుడు వెనకాల కూర్చున్న పెద్దోళ్లలో ఎవరో ఒకరు, "ఆశ తగ్గించుకుంటే బాధ తగ్గుతుందిలే అబ్బోడా" అనేస్తారు. సమావేశం ముగిసిపోతుంది. ప్రశ్న మాత్రం ముగియదు.

ఆ జవాబు వినడానికి బాగానే ఉంటుంది. కానీ దాన్ని ఎవరికి చెప్తున్నామో ఒకసారి చూడండి. "నీకు ఇంత చాలు, నీ హద్దులో నువ్వుండు" అని తరతరాలుగా వింటూ వచ్చిన ఇళ్లలో పుట్టిన పిల్లోడికి చెప్తున్నాం. ఒకప్పుడు ఊరి పెత్తందారు చెప్పిన మాటనే ఇప్పుడు బుద్ధుడి పేరు పెట్టి మనమే చెప్తే, ఇక ధమ్మం పుచ్చుకుని ఏం లాభం? 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో దీక్ష తీసుకున్నది మనల్ని ఆశ లేనివాళ్లుగా చెయ్యడానికా? కాబట్టి ఈ ప్రశ్నను పక్కకు తొయ్యకుండా తేల్చుకుందాం. గెలవాలనుకోవడం తృష్ణేనా?

ఒక్కడు గెలిచే ఆట

దీన్ని తేల్చుకోవడానికి టెన్నిస్ ఆటను ఎంచుకుంటున్నాను. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ తెలిసినంతగా మన వాడల్లో టెన్నిస్ తెలీదు. రాకెట్ చేత పట్టినవాళ్లు చాలా తక్కువ. అయినా దీన్నే ఎందుకు తీసుకుంటున్నానంటే, పురుషుల సింగిల్స్‌లో పోటీ అనేది ఏ ముసుగూ లేకుండా కనబడుతుంది. ఇటు ఒకడు, అటు ఒకడు, మధ్యలో వల. జట్టు లేదు కాబట్టి ఓడితే నెపం వెయ్యడానికి పక్కవాడు లేడు. టైం అయిపోయిందని సమంగా వదిలేసేదీ లేదు. ఎవరో ఒకరు ఓడేదాకా ఆట సాగుతుంది.

ప్రపంచంలో పెద్ద టోర్నమెంట్లు నాలుగు: ఆస్ట్రేలియన్ ఓపెన్, ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్, యూఎస్ ఓపెన్. వీటినే గ్రాండ్‌స్లామ్‌లు అంటారు. ఒక్కోదాంట్లో పురుషుల సింగిల్స్‌లో 128 మంది ఆడతారు. ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు తర్వాతి రౌండుకి. 128 మంది 64 అవుతారు, 64 మంది 32 అవుతారు. ఇలా ఏడు రౌండ్లు, 127 మ్యాచ్‌లు. చివరికి ఒక్కడు మిగులుతాడు. అంటే రెండు వారాల్లో 127 మంది ఓడిపోతారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ప్రపంచంలో కోట్ల మంది టెన్నిస్ ఆడతారు. వాళ్లలోంచి ఏరి తెచ్చిన 128 మంది వీళ్లు. ఆ 127 మందీ పనికిరానివాళ్లేనా? గెలుపు ఒక్కటే మనిషికి విలువ ఇస్తుందంటే, ఈ పోటీ ఒక మనిషిని తయారుచేసి 127 మందిని చెత్తబుట్టలో వేసే యంత్రం అనుకోవాలి. అలా అనుకోలేమంటే, మనిషి విలువ వేరే చోట ఉందని ఒప్పుకోవాలి.

ఉయ్యూరు మనిషి, న్యూయార్క్ కోర్టు

2016 ఆగస్టు నెలాఖరు. న్యూయార్క్‌లో యూఎస్ ఓపెన్. మన కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని ఆ టోర్నమెంట్‌లో ఆడాడు. అతనిది ఏ కులమో మనకిక్కడ పని లేదు. అతను ఆడిన ఒక మ్యాచ్‌తోనే పని.

అప్పటికి సాకేత్‌కి 28 ఏళ్లు. 2014లో ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారు పతకం తెచ్చాడు. కానీ గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ ప్రధాన పోటీలోకి అంతకు ముందెప్పుడూ రాలేదు. ర్యాంకు చాలనివాళ్లు లోపలికి రావాలంటే ముందు క్వాలిఫయింగ్ ఆడాలి. అక్కడ ఇంకో 128 మంది ఉంటారు, చోటు 16 మందికే. మూడు మ్యాచ్‌లు వరసగా గెలవాలి. సాకేత్ మూడూ గెలిచి వచ్చాడు.

మొదటి రౌండులో ఎదురుపడింది చెక్ దేశస్థుడు యిరి వెసెలీ. అదే ఏడాది ఏప్రిల్‌లో మోంటె కార్లోలో అప్పటి ప్రపంచ నంబర్ వన్ జకోవిచ్‌నే ఓడించినవాడు. ఐదు సెట్లలో మూడు గెలిచినవాడిది మ్యాచ్. సాకేత్ మొదటి సెట్ 6-7తో పోగొట్టుకుని, తర్వాతి రెండూ 6-4, 6-2తో గెలిచాడు. నాలుగోది 2-6తో పోయింది. ఐదో సెట్‌లో కాళ్లు పట్టేసినా ముందుకొచ్చాడు. ఒక్క పాయింటు వస్తే మ్యాచ్ అతనిది. ఆ పాయింటు రాలేదు. ఐదో సెట్ 5-7. మ్యాచ్ పోయింది.

ఆ పాయింటు వచ్చి ఉంటే పేపర్లు ఒక రకంగా రాసేవి, రాలేదు కాబట్టి ఇంకో రకంగా రాశాయి. కానీ ఆ మనిషిలో ఏం మారింది? మూడు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు గెలిచిన చెయ్యి అదే. పట్టేసిన కాళ్లతో నిలబడిన పట్టుదల అదే. ఒక పాయింటు అటో ఇటో పడితే మనిషే మారిపోయాడనుకోవడం మన అజ్ఞానం. ధమ్మం అవిద్య అనేది ఇలాంటిదాన్నే.

తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి. అదే సెప్టెంబర్‌లో అతని ర్యాంకు 137కి చేరింది. సింగిల్స్‌లో అతను చేరిన అత్యుత్తమ స్థానం అది. 2017లో అర్జున అవార్డు వచ్చింది. ఏడేళ్ల తర్వాత, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో, 36కి దగ్గరపడిన వయసులో, రామ్‌కుమార్ రామనాథన్‌తో కలిసి పురుషుల డబుల్స్ వెండి పతకం గెలిచాడు. న్యూయార్క్‌లో చేజారిన ఆ పాయింటుతో అతని కథ ఆగిపోలేదు.

తృష్ణ వేరు, ఛందం వేరు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కోరిక అనే ఒక్క తెలుగు మాటలో మనం రెండు వేరువేరు సంగతుల్ని కలిపేస్తున్నాం. పాళీలో వాటికి వేరువేరు పేర్లున్నాయి. ఒకటి తణ్హా, అంటే తృష్ణ. ఎంత తాగినా తీరని దాహం. నాకే కావాలి, ఇంకా కావాలి, ఎదుటివాడికి ఉండకూడదు అనేది. రెండోది ఛందం. మంచి పనిని చెయ్యాలనే ఇష్టం, దానికి పూనుకునే మనసు. ధమ్మంలో నాలుగు ఇద్ధిపాదాలు చెప్తారు, అంటే సాధించడానికి కావలసిన నాలుగు ఆధారాలు. ఛందం, విరియం, చిత్తం, వీమంస. చెయ్యాలనే సంకల్పం, శ్రమ, ఏకాగ్రత, పరిశీలన. చూశారా, మొదటి మెట్టే ఛందం. కోరుకోవడమే తప్పయితే బుద్ధుడు దాన్ని మొదట ఎందుకు పెడతాడు?

టెన్నిస్ ఆటగాడిని చూస్తే ఈ నాలుగూ కళ్ల ముందు కనబడతాయి. చీకటితో లేచి పరిగెత్తించేది ఛందం. ఒకే సర్వీసును రోజుకు వందలసార్లు కొట్టించేది విరియం. వేల మంది అరుస్తున్నా బంతి మీదే చూపు నిలిపేది చిత్తం. ఓడిన రాత్రి కూర్చుని 'ఎక్కడ తప్పింది' అని విప్పి చూసుకునేది వీమంస. మన ఇళ్లల్లో పరీక్ష పోయిన పిల్లోడి దగ్గర ఈ నాలుగోదానికి చోటే ఇవ్వం. తిట్టేస్తాం, లేకపోతే తలరాత అనేస్తాం. బుద్ధుడు తలరాతను ఒప్పుకోలేదు. తలరాత అన్నచోట వీమంస చచ్చిపోతుంది.

శ్రమకూ ఒక కొలత ఉంది. సోణుడనే భిక్షువు కథ మీలో చాలామందికి తెలుసు. పాదాలు నెత్తురు కారేదాకా నడిచి సాధన చేసి, ఇక నావల్ల కాదని ఇంటికి పోదామనుకున్నాడు. బుద్ధుడు అతని పాత విద్య వీణనే గుర్తుచేశాడు. తీగ మరీ బిగిస్తే పలకదు, మరీ వదులుగా ఉన్నా పలకదు. టెన్నిస్ రాకెట్ తీగలదీ ఇదే లెక్క. ఎంత బిగువుతో కట్టాలో ప్రతి ఆటగాడూ తూకం చూసి చెప్పి కట్టించుకుంటాడు. వదులు చేస్తే బంతి అదుపు తప్పుతుంది, బిగిస్తే చెయ్యి నొప్పెడుతుంది. పిల్లల్ని రాత్రింబగళ్లు గదిలో పెట్టి చదివించే తల్లిదండ్రులు, ఏమీ పట్టించుకోని తల్లిదండ్రులు, ఇద్దరూ ఈ కథను తెలుసుకోవాలి.

గీత చెప్పేదీ ఇదేనా?

ఇక్కడ కొందరికి అనుమానం వస్తుంది. "ఫలితం గురించి ఆలోచించకుండా పని చెయ్యమని గీత కూడా చెప్తుంది గదా, తేడా ఏముంది?" తేడా చాలా ఉంది. ఇది తెలియకపోతే ధమ్మం మళ్లీ పాత గూటికే పోతుంది.

గీతలో పనిని నువ్వు ఎంచుకోవు. నీ వర్ణం ఎంచుతుంది. ఎవడి స్వధర్మం వాడు చెయ్యాలి, ఫలం మీద హక్కు మాత్రం అడగకూడదు. పాలేరుకి 'పని చెయ్, కూలి అడగొద్దు' అని చెప్పినట్టు. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో పది పారమితల్ని వివరిస్తూ ఉపేక్ష గురించి చెప్పింది ఇది కాదు. ఉపేక్షను ఆయన నిర్లక్ష్యం నుంచి వేరుచేశారు. ప్రయత్నం ఆపకూడదు, ఫలితం మనసును ఊపకూడదు. అదీ ఆయన చెప్పినదాని సారం. పని నువ్వే ఎంచుకుంటావు. ఫలితం కోసమే ఆడతావు. ఫలితం మీద నీకు హక్కు ఉంది. కానీ ఫలితం రాని రోజు నువ్వు విరిగిపోవు, వచ్చిన రోజు నెత్తికెక్కించుకోవు. ఐదో సెట్ ఆడేవాడు గెలవడానికి ఆడకపోతే అది ఆటకే అవమానం. పాయింటు పోయాక ఆ పాయింటులోనే ఉండిపోతే తర్వాతి బంతి కనబడదు. ఈ రెండూ కలిసినదే ఉపేక్ష.

అలాగే బుద్ధుడు పేదరికాన్ని పొగడలేదని బాబాసాహెబ్ అదే గ్రంథంలో స్పష్టంగా చెప్పారు. లేమిలో ఉన్నవాడికి 'ఆశ తగ్గించుకో' అనేది ధమ్మం కాదు. ఉన్నవాడికి, ఇంకా ఇంకా కావాలనేవాడికి చెప్పాల్సిన మాట అది.

పోటీ, యుద్ధం, కులం

ఇంకో అనుమానం. ఒకడు గెలిచి ఒకడు ఓడితే వైరం పుట్టదా? కోసల రాజు పసేనది, మగధ రాజు అజాతశత్రువు యుద్ధం చేసుకున్నారు. మొదట పసేనది ఓడాడు. ఆ సందర్భంలోనే బుద్ధుడు, గెలుపు పగను పుట్టిస్తుందని, ఓడినవాడు దుఃఖంతో పడుకుంటాడని హెచ్చరించాడు. తర్వాత పసేనది గెలిచి అజాతశత్రువును పట్టుకున్నాడు. సైన్యాన్నంతా లాక్కుని ప్రాణాలతో వదిలేశాడు.

యుద్ధానికీ ఆటకీ తేడా ఇక్కడ తెలుస్తుంది. యుద్ధంలో ఓడినవాడి ఏనుగులు, గుర్రాలు, నేల పోతాయి. ఆటలో ఓడినవాడు వల దగ్గరికి వచ్చి గెలిచినవాడితో చెయ్యి కలిపి వెళ్తాడు. వచ్చే వారం ఇంకో ఊర్లో మళ్లీ ఇద్దరూ సున్నా నుంచే మొదలుపెడతారు. గీత ఇద్దరికీ ఒకటే, వల ఎత్తు ఇద్దరికీ ఒకటే, బంతి గీత దాటితే ఎవడిదైనా పాయింటు పోవాల్సిందే.

మరి కులం? కులం యుద్ధం కంటే కూడా హీనం. టెన్నిస్‌లో సీడింగ్ అని ఒకటుంది. 128 మందిలో ర్యాంకు బాగున్న 32 మందిని మూడో రౌండు దాకా ఒకరికొకరు ఎదురుపడకుండా అమరుస్తారు. పెద్దవాళ్లకు కాస్త రక్షణ అన్నమాట. కానీ ఆ రక్షణ గడిచిన ఏడాది ఆటతో సంపాదించుకున్నది. సీడ్ లేనివాడు సీడ్ ఉన్నవాణ్ని ఓడించడం ప్రతి టోర్నమెంట్‌లోనూ చూస్తాం. కులం అనే సీడింగ్ పుట్టుకతో వస్తుంది. కొందర్ని ఆడకుండానే ఫైనల్లో కూర్చోబెట్టి, మనల్ని గేటు బయట నిలబెట్టి, ఓడిపోయినట్టు మన పేరు ముందే రాసేశారు. అందుకే మనం పోటీని కాదనం. మనం కాదనేది పోటీయే జరగకుండా ఫలితం ప్రకటించే ఈ పద్ధతిని.

అయితే ఆటస్థలం కూడా పవిత్రమైన చోటేం కాదు. టెన్నిస్ ఖర్చుతో కూడిన ఆట. రాకెట్లు, బూట్లు, కోచ్, దేశాలు తిరగడానికి విమానం టికెట్లు, అన్నీ సొంత డబ్బుతోనే మొదలవుతాయి. మన దేశంలో ఈ ఆట ఇంగ్లీషు దొరల క్లబ్బుల్లో పుట్టి పెరిగింది. పేదింటి పిల్లలు ఆ క్లబ్బుల్లోకి వెళ్లింది ఎక్కువగా బంతులు ఏరడానికే. క్రికెట్‌లో పాల్వంకర్ బాలూ సంగతి గుర్తుచేసుకోండి. చమార్ కులంలో పుట్టిన బాలూ 1911లో భారత జట్టుతో ఇంగ్లాండ్ వెళ్లి వందకు పైగా వికెట్లు తీశాడు. అతను విసిరిన బంతిని అందరూ ముట్టుకున్నారు. కానీ పూనాలో టీ తాగే వేళకు అతనికి పెవిలియన్ బయట, వేరే మట్టి కప్పులో ఇచ్చేవాళ్లు. గీతల లోపల సమానం, గీత దాటితే అంటు. కాబట్టి కోర్టు లోపలి సమానత్వం చూసి మురిసిపోయి బయటి సంగతి మరిచిపోకూడదు.

ఆర్థర్ ఆష్ ఓర్పు

సాకేత్ ఆడిన న్యూయార్క్ టెన్నిస్ మైదానంలో ప్రధాన స్టేడియానికి ఒక నల్లజాతి మనిషి పేరుంది. ఆర్థర్ ఆష్. 1943లో అమెరికాలో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో పుట్టాడు. తండ్రి నల్లవాళ్ల కోసం విడిగా పెట్టిన పార్కును చూసుకునే ఉద్యోగి. ఆ పార్కులోనే ఆష్ ఆట నేర్చుకున్నాడు. తెల్లవాళ్ల కోర్టుల్లోకి రానివ్వలేదు. రెండు గ్లాసుల హోటళ్లు చూసిన మనకి ఇది వేరే చెప్పాలా?

రాబర్ట్ వాల్టర్ జాన్సన్ అనే నల్లజాతి డాక్టర్ ఆ పిల్లలకు వేసవిలో టెన్నిస్ నేర్పేవాడు. ఆయన పెట్టిన నియమం ఒకటి విన్నప్పుడు మనసు కలుక్కుమంటుంది. ఎదుటివాడు కొట్టిన బంతి గీతకు కాస్త అవతల పడినా సరే, లోపలే పడిందనుకుని ఆడాలి. ఎవరితోనూ వాదించకూడదు, రాకెట్ విసరకూడదు. ఎందుకు? నల్లపిల్లల్ని బయటికి గెంటడానికి తెల్లవాళ్లకు ఒక్క సాకు కూడా దొరక్కూడదని.

ఇది క్షాంతి పారమితేనా? తొందరపడి అవునని చెప్పకండి. భయంతో నోరు మూసుకోవడం ఓర్పు కాదు. మన తాతలు చెప్పులు చేత పట్టుకుని ఊర్లో నడిచినప్పుడు వాళ్లు క్షాంతి సాధన చెయ్యలేదు. గత్యంతరం లేక నడిచారు. ఎదురు తిరిగే బలం ఉండి, ద్వేషం లేకుండా నిలబడడమే క్షాంతి. డాక్టర్ జాన్సన్ నియమం అన్యాయపు లోకంలో పిల్లల్ని లోపలికి చేర్చడానికి వేసిన ఎత్తు. దాన్ని ఆష్ పెద్దయ్యాక ఏం చేసుకున్నాడన్నదే ముఖ్యం.

1968లో యూఎస్ ఓపెన్ పురుషుల సింగిల్స్ గెలిచాడు. మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన ఏడాది అది. అమెచ్యూర్ ఆటగాడు కాబట్టి విజేతకిచ్చే 14,000 డాలర్లు అతనికి దక్కలేదు. రోజుకు 20 డాలర్ల బత్తా ఇచ్చారు. 1975 జూలై 5న వింబుల్డన్ ఫైనల్. ఎదురుగా జిమ్మీ కానర్స్, ముందటేడాది విజేత. వేగంగా వచ్చే బంతిని ఇంకా వేగంగా తిప్పికొట్టడం కానర్స్ బలం. ఆష్‌కి 32 నిండబోతున్నాయి. అతను ఆ వేగాన్నే ఇవ్వలేదు. మెత్తగా, కిందుగా, పక్కలకు కొట్టాడు. విరామాల్లో కళ్లు మూసుకుని నిశ్చలంగా కూర్చున్నాడు. 6-1, 6-1, 5-7, 6-4తో గెలిచాడు. మూడో సెట్ పోయినప్పుడు కూడా తన పద్ధతి వదల్లేదు. కోపానికి కోపం ఇవ్వకపోవడం చేతకానితనం అనుకునేవాళ్లు ఆ మ్యాచ్ గురించి తెలుసుకోవాలి.

అదే మనిషి 1985లో, దక్షిణాఫ్రికా వర్ణవివక్షకు వ్యతిరేకంగా వాషింగ్టన్‌లో ఆ దేశ రాయబార కార్యాలయం ముందు నిరసన తెలిపి అరెస్టయ్యాడు. కోర్టులో అంత నెమ్మదిగా ఉండే మనిషి అన్యాయం దగ్గర నెమ్మదిగా ఉండిపోలేదు. ఈ రెండూ కలిసి ఉండొచ్చని మనకి మహాడ్ ఎప్పుడో నేర్పింది. 1927 మార్చిలో చౌదార్ చెరువు నీళ్లు ముట్టుకున్నందుకు మనవాళ్ల మీద దాడి జరిగితే, బాబాసాహెబ్ తిరిగి కొట్టకుండా తన జనాన్ని ఆపారు. చెరువు మీద ఎదుటివాళ్లు వేసిన కేసును పదేళ్లు ఎదుర్కొని 1937లో బొంబాయి హైకోర్టులో గెలిచారు. ద్వేషం లేదు, వెనకడుగూ లేదు.

ర్యాంకు ఎవరికి?

చివరిగా అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ధమ్మం వదిలెయ్యమనేవాటిలో మానం ఒకటి. అంటే నన్ను నేను ఎదుటివాడితో కొలుచుకోవడం. అది మూడు రకాలు. నేను ఎక్కువ అనేది ఒకటి. నేను సమానం అనేది ఇంకొకటి. నేను తక్కువ అనేది మూడోది. గర్వం చెడ్డదని అన్ని మతాలూ చెప్తాయి. 'నేను తక్కువ' అనుకోవడాన్ని కూడా వదిలించుకోవాల్సిన సంకెల అని బుద్ధుడు చెప్పాడు. మనకు ఇంతకంటే పెద్ద మందు ఇంకోటి లేదు. కులం మన కాళ్లకు వేసిన సంకెళ్లను రాజ్యాంగం తెంచింది. బుర్రలో నాటిన 'నేను తక్కువ'ను మనమే పీక్కోవాలి. అలాగని 'సమానం' అనేదాన్ని వదులుకోమంటున్నాను అనుకోకండి. సమానత్వం మన హక్కు, దానికోసం పోరాడాల్సిందే. వదలాల్సింది ఎదుటివాడి వైపు చూసి రోజంతా కొలుచుకునే మనసును.

టెన్నిస్ ర్యాంకు ఎలా కడతారో చూడండి. 1973 నుంచి కంప్యూటర్ లెక్కలు వేస్తోంది. గడిచిన 52 వారాల్లో సంపాదించిన పాయింట్లే లెక్కలోకి వస్తాయి. 53వ వారంలో పాతవి రాలిపోతాయి. నంబర్ వన్ అయినా సరే, నిరుటి గెలుపును ఈ ఏడాది మళ్లీ గెలుచుకోవాలి. అనిత్యం అంటే ఏంటో ఇంతకంటే తేలిగ్గా ఎవరు చెప్పగలరు? మన బంగారుపాళ్యం మామిడి మార్కెట్‌లో తోతాపురి రేటు చూస్తూనే ఉన్నాం గదా. నిన్నటి రేటు ఇవాళ ఉండదు. రేటు పడిపోయిన రోజు చెట్టు మారలేదు, రైతు చెమట మారలేదు. రేటు కాయ మీద పడ్డ ఆ రోజు ముద్ర. ర్యాంకు కూడా మన పని మీద పడ్డ ఆ రోజు ముద్ర. దాన్ని మనిషి నుదుటి మీద గుద్దుకుంటే అది మానం అవుతుంది. గెలిస్తే పైమానం, ఓడితే హీనమానం.

2016 యూఎస్ ఓపెన్ ఫైనల్లో ఎవరు ఓడారో తెలుసా? వెసెలీ చేతిలో ఏప్రిల్‌లో ఓడిన ఆ నంబర్ వన్ జకోవిచే. స్టాన్ వావ్రింకా ఓడించాడు. మొదటి రౌండులో ఓడిన సాకేత్, చివరి రౌండులో ఓడిన జకోవిచ్, ఇద్దరూ ఆ 127 మందిలోని వాళ్లే.

మరి ఇంట్లో మనం చెయ్యాల్సిందేంటి?

అమ్మల్లారా, నాయనల్లారా, ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో పేపర్లో ఎలాంటి వార్తలు వస్తాయో మీరు చూస్తూనే ఉన్నారు. ఒక్క కాగితం మీది అంకె చూసి బిడ్డలు ప్రాణాలు తీసుకుంటున్నారు. ఫలితం వచ్చిన రోజు మార్కులు అడగకముందు అన్నం తిన్నావా అని అడగండి. పక్కింటి పిల్లోడితో పోల్చకండి, అది మీ చేత్తో మీరే హీనమానం నాటడం. మరుసటి రోజు పక్కన కూర్చుని ఎక్కడ తప్పిందో కలిసి చూడండి. అది వీమంస. గెలిచిన రోజు కూడా ఊరంతా ఫ్లెక్సీ కట్టించకండి. గెలిచిన బిడ్డతో ఓడిన బిడ్డ దగ్గరికి వెళ్లి మాట్లాడించండి. అది మైత్రి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీరు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. గెలవాలనుకోండి. గట్టిగా అనుకోండి. ఉద్యోగం, చదువు, ఆట, పంచాయతీ ఎన్నిక, దేనికైనా పూనుకోండి. మనకు మూసిన గేట్లు ఇంకా ఉన్నాయి, అవి తెరిపించే పోరాటమూ మీదే. గెలుపు కోసం అబద్ధం, మోసం, మత్తు జోలికి పోతే పంచశీల తప్పినట్టు. అది దాటనంత వరకు మీ పట్టుదల తృష్ణ కాదు, విరియం. ఎదుటివాడు శత్రువు కాదు. అతను లేకపోతే మీ ఆటే లేదు. ఓడితే ఏడుపు వస్తే ఏడవండి, తప్పు లేదు. ఏడ్చి, మొహం కడుక్కుని, రాకెట్‌కు మళ్లీ తీగలు కట్టుకోండి. ఈ ఆదివారం సమావేశంలో ఈ మాటల మీద మీ అభిప్రాయం చెప్పండి. ఒప్పుకోకపోతే అదీ చెప్పండి. పరీక్షించకుండా ఎవరి మాటా నమ్మొద్దన్నదే మన గురువు చెప్పిన దారి.

నమో బుద్ధాయ! జై భీమ్!